ఎత్తని ఎర్రగుడ్డ

నలభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి పెద్దదేమీ కాదు. రెండు వరసలు, ఇంకు పెన్సిలుతో రాసినవి. ఆ రెండు వరసల వల్ల ఒక మనిషికి ఉద్యోగం పోయింది, పరువు పోయింది, తన కళ్ల మీద తనకున్న నమ్మకం పోయింది. నేను మాత్రం సర్వీసు పూర్తి చేసుకుని, పూలదండ వేయించుకుని రిటైరయ్యాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకు చెబితే కాసేపు నోరు తెరుచుకుని చూసి, తర్వాత ఓదార్చడం మొదలుపెడతారు. నాకు ఓదార్పు అక్కర్లేదు. "వయసులో ఉన్నప్పుడు అందరూ ఏదో ఒకటి చేస్తారులే" అని ఎవరైనా అంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. అందరూ చెయ్యరు. నేను చేశాను. ఇక్కడ నా పేరు మాత్రం రాయను. నా ధైర్యం అంతవరకే.

ఇంకో సంగతి కూడా ముందే చెబుతున్నాను. దస్తగిరి అంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అతను పోయాడు కాబట్టి ఇప్పుడు కూర్చుని అతన్ని పొగుడుతానని అనుకోకండి. అతను మంచివాడు. మంచివాళ్లందరూ నచ్చాలని ఎక్కడుంది? అతని మంచితనమే నాకు ఒళ్లు మండించేది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లయిందో లేదో. పెన్నేటి మీద ఒక ఆనకట్ట కట్టాలని సర్వే జరుగుతుండేది. ఆ సర్వే వాళ్లు ఏటి నీటిమట్టం చూడడానికి రెండు పోస్టులు పెట్టారు. దిగువ పోస్టు జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున. అందులో నేను. ఎగువ పోస్టు పులివెందుల తాలూకాలో, సింహాద్రిపురానికి అవతల, చిత్రావతి ఒడ్డున. అందులో దస్తగిరి. చిత్రావతి నీళ్లు పెన్నలో కలిసి, గండికోట కొండల సందులోంచి మా మీదికి వస్తాయి. అక్కడ నీళ్లు పెరిగితే మా దగ్గరికి చేరడానికి ఐదారు గంటలు పట్టేది. ఎగువ పోస్టువాడు ఆ సంగతి వైర్‌లెస్‌లో చెప్పాలి. దిగువ పోస్టువాడు వేళకు, మధ్యాహ్నమైతే పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా, విని, ఒడ్డున పాతిన కొయ్యకు ఎర్రగుడ్డ ఎత్తాలి. గుడ్డ కనబడితే ఎవరూ ఇసకలోకి దిగకూడదు. మా ఉద్యోగం మొత్తం ఇంతే.

ఇసక అంటున్నానని ఆశ్చర్యపోకండి. మా ఏరు ఏడాదిలో ముప్పాతిక భాగం ఇసకే. బండ్లు దాటేవి. ఆడవాళ్లు చెలమలు తోడి కడవలు నింపుకునేవాళ్లు. మా నెత్తిన మబ్బు తునక లేకపోయినా మైసూరు వైపు కొండల్లో వాన పడితే ఏరు ఉన్నట్టుండి వచ్చేది. తెలియని వాళ్లకు అది నమ్మశక్యంగా ఉండదు. తెలిసినవాళ్లు కూడా పనుల్లో పడి మరిచిపోయేవాళ్లు.

మేమిద్దరం మద్రాసులో ఆరు నెలలు ఒకే గదిలో ఉండి పని నేర్చుకున్నాం. మాది వేముల దగ్గర పల్లె, కాస్త పొలం ఉన్నవాళ్లం. దస్తగిరి ప్రొద్దుటూరులో గిన్నెలకు కళాయి పూసే సాయిబు కొడుకు. పరీక్షలో అతను మొదటివాడు. నేను చివరి నుంచి మూడోవాణ్ని. అయినా మా మేనమామ ఎవరితోనో చెప్పించి నాకు జమ్మలమడుగు వేయించాడు, అతన్ని అడవిలో పడేశారు. అతను నా మీద కోప్పడలేదు. "నీకు ఊరు దగ్గర అన్నా, మంచిదే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అన్యాయంగా తీసుకున్నదాన్ని ఎదుటివాడు నవ్వుతూ వదిలేస్తే, తీసుకున్నవాడికి ఎలా ఉంటుందో మీకు తెలుసా? తెలియకపోతే మీ అదృష్టం.

అతనికొక పిచ్చి ఉండేది. రోజూ సూర్యుడి బొమ్మ గీసేవాడు.

సర్వే వాళ్లు కాలు విరిగిందని పారేసిన దుర్భిణి ఒకటి అతనికి దొరికింది. దాన్ని నాపరాళ్ల మధ్య నిలబెట్టి, సూర్యుడి వైపు తిప్పి, వెనక తెల్ల కాగితం పట్టేవాడు. కంటితో చూస్తే చూపు పోతుంది. కాగితం మీద మాత్రం సూర్యుడు రూపాయి బిళ్లంత పడతాడు, ఆ బిళ్ల మీద చిన్నచిన్న నల్ల మచ్చలు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో రోజూ పొద్దున పెన్సిలుతో దించుకునేవాడు. పక్కన ఆ రోజు మధ్యాహ్నం వైర్‌లెస్ ఎలా పలికిందో రాసేవాడు. "బాగుంది", "గరగర", "చచ్చింది". ఈ మూడింటిలో ఒకటి.

మచ్చలు పెద్దవై సూర్యుడి నడిమికి వచ్చినప్పుడు ఒక్కోసారి అక్కడ మంట ఎగసిపడుతుందట. దానివల్ల మన మీది గాలి పాడై, పట్టపగలు వైర్‌లెస్ ఒక్కసారిగా మూగబోతుందట. అరగంటకో గంటకో మళ్లీ పలుకుతుందట. ఇదంతా మద్రాసులో ఒక ఇంజనీరు చెప్పాడు. నేను ఆ పాఠంలో నిద్రపోయాను. దస్తగిరి రాసుకున్నాడు. సూర్యుడు ఇరవై ఏడు రోజులకొకసారి అదే ముఖం మన వైపు తిప్పుతాడని, పెద్ద మచ్చ చెరిగిపోకుండా ఉంటే మళ్లీ నడిమికి వస్తుందని కూడా రాసుకున్నాడు. మా పోస్టుల్లో చేరాక ఆ లెక్క సరిచూస్తూ కూర్చున్నాడు. ఎవరు చెయ్యమన్నారు? ఎవరూ చెయ్యమనలేదు. నాకు అదే తిక్క.

ఆ ఏడు వానాకాలం నడుమ నాకొక కార్డు రాశాడు. "అన్నా, పెద్ద మచ్చ నడిమికి వస్తాంది. రేపో ఎల్లుండో మధ్యాహ్నం గాలి చావొచ్చు. వినపడకుంటే మిషన్ ఆపొద్దు. గుడ్డ ఎత్తు." రూలు కూడా అదే. గాలి బాగుండి పిలుపు రాకపోతే ఏరు రావడం లేదని అర్థం; గాలే చచ్చి ఏమీ వినపడకపోతే, మళ్లీ పలికేదాకా చెవి తియ్యకూడదు, గుడ్డ ఎత్తి ఉంచాలి. కానీ ఆ రూలు ఎవరికి గుర్తు?

మర్నాడు మధ్యాహ్నం నిజంగానే గాలి చచ్చింది. చెవుల్లో గరగర కూడా లేదు. నేను అతని మాట విని గుడ్డ ఎత్తాను. గాలి మళ్లీ వచ్చినా, ఎందుకైనా మంచిదని సాయంత్రం దాకా ఎత్తే ఉంచాను. ఏరు రాలేదు. చుక్క నీళ్లు రాలేదు. నాపరాళ్ల బండ్లు పొద్దుగూకేదాకా ఒడ్డునే నిలిచిపోయాయి. ఓవర్సీయరు వచ్చి ఎందుకెత్తావని అడిగాడు. నేను తెలివితక్కువగా ఉన్నదున్నట్టు చెప్పాను. సూర్యుడి మీద మచ్చలొచ్చాయని చెప్పాను. ఆయన అందరి ముందూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ నవ్వు కంటే బండ్లవాళ్ల నవ్వు నన్ను ఎక్కువ కాల్చింది. వాళ్లలో ఓబులేసు అని ఒకడుండేవాడు. మాటకారి. "సూర్యునికి అమ్మోరు పోసిందంట గదప్పా, అందుకని మనం ఏరు దాటగూడదంట" అన్నాడు. ఇంక చూసుకోండి. ఆ రోజు నుంచి నా పేరు మచ్చల సారు. పిల్లలదీ అదే పిలుపు. టీ కొట్టు దగ్గర, బస్సు దగ్గర, సంతలో. ఓబులేసు రోజూ బండి దించే ముందు నా షెడ్డు దగ్గర ఆగి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూసి, "ఈ పొద్దు ఎట్లుండాడు సారూ? జొరం తగ్గెనా?" అని అడిగేవాడు. నేను పళ్లు కొరుక్కునేవాణ్ని.

దస్తగిరి లెక్క తప్పలేదని మీరు గమనించారా? గాలి చస్తుందన్నాడు, చచ్చింది. నీళ్లు వస్తాయని అతను అనలేదు. నాకూ తెలుసు. తెలిసినా కోపం అతని మీదే పెట్టుకున్నాను. ఓబులేసును తిట్టే దమ్ము లేదు, ఓవర్సీయరును తిట్టే హోదా లేదు. అందుకని అడవిలో ఉన్నవాడి మీద పగ పెంచుకున్నాను.

ఇరవై ఏడు రోజులు గడిచాయి. సరిగ్గా ఆ లెక్కకు మళ్లీ కార్డు వచ్చింది. "అదే మచ్చ తిరిగొచ్చిందన్నా. ఈసారి ఇంకా పెద్దది. మధ్యాహ్నం పూట చెవి తియ్యొద్దు." కార్డు చింపి పొయ్యిలో వేశాను.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకు మిషన్ పెట్టాను. ఏమీ లేదు. దస్తగిరి పిలుపు లేదు. నా మిషన్ చెడిందేమోనని మద్రాసు స్టేషన్ పెట్టి చూశాను. మద్రాసు కూడా లేదు. గరగర కూడా లేదు. బావిలో తల పెట్టినట్టు ఉంది. ఐదు నిమిషాలు విన్నాను. నాకు అర్థమైపోయింది. ఇక్కడ నేను ఏ సాకూ చెప్పుకోలేను. తెలియక చేసింది కాదు. గాలి చచ్చిందని నాకు తెలుసు, గుడ్డ ఎత్తాలని తెలుసు, మళ్లీ పలికేదాకా కూర్చోవాలని తెలుసు.

చెవుల నుంచి హెడ్‌ఫోన్లు తీసి మిషన్ ఆపేశాను. సంగటి, చెనక్కాయల పచ్చడి తిన్నాను. కడుపు నిండా తిన్నాను. ఆ సాయిబు చెప్పాడని మళ్లీ గుడ్డ ఎత్తి ఊరందరితో నవ్వించుకుంటానా అనుకున్నాను. పైన చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. చాప వేసుకుని పడుకున్నాను.

నాలుగు గంటలకు ఓబులేసు పిలిస్తే లేచాను. బండి నిండా నాపరాళ్లు. ఎప్పటిలాగే పైకి చూసి, "ఏం సారూ, ఈ పొద్దు సూర్యుడు బాగుండాడా?" అన్నాడు. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి ఆవలిస్తూ అన్నాను: "బాగుండాడు. పో."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ వినలేదు, ఓబులేసు తప్ప.

ఇసకలో బండి చక్రం ఒకటి ఇరుసుదాకా దిగబడింది. అతను రాళ్లు దించి, చక్రం లేపి, మళ్లీ రాళ్లు ఎక్కించేసరికి పొద్దు వాలింది. నేను ఒడ్డున కూర్చుని చూస్తున్నాను. అతని అవస్థ చూసి సంతోషించాను కూడా. ముందు చప్పుడు వచ్చింది. తర్వాత ఎర్రటి నీళ్లు, తుంగ, చెత్త, కొట్టుకొచ్చిన కొయ్యలు. నేను అరిచాను. గొంతు పగిలేట్టు అరిచాను. ఒక ఎద్దు కాడి తెంపుకుని గట్టెక్కింది. ఓబులేసు రెండో ఎద్దును విప్పడానికి వంగాడు. అంతే నేను చూసింది. మూడో రోజు ప్రొద్దుటూరు దిగువన దొరికాడు.

అతను చావాలని నేను కోరుకున్నానా? నలభై ఏళ్లుగా ఇదే ప్రశ్న. లేదని చెప్పగలను. నీళ్లు వస్తున్నాయని నాకు తెలియదు. కానీ ఆ మధ్యాహ్నం చెవి తీసినప్పుడు నా మనసులో ఎవరి క్షేమం గురించీ ఆలోచన లేదు, నా పరువు తప్ప. దానికీ కోరుకోవడానికీ తేడా ఎంతో మీరే కొలుచుకోండి. నాకు కొలవడం రావడం లేదు.

ఎగువన జరిగింది తర్వాత తెలిసింది. ఆ రోజు పన్నెండుకు ముందే చిత్రావతి నిలువెత్తు పెరిగింది. దస్తగిరి పిలిచాడు. జవాబు లేదు. గాలి చచ్చిందని అతనికి తెలుసు, మళ్లీ వస్తుందనీ తెలుసు, నేను చెవి తియ్యనని నమ్మాడు. కార్డు రాశాడు కదా. పిలుస్తూనే ఉన్నాడు. ముక్కాలు గంటకు గాలి తిరిగి వచ్చింది. వినేవాడు లేడు. ఒంటిగంటన్నరకు అతని బ్యాటరీ ఒట్టిపోయింది. అప్పుడు సైకిలెక్కి, ఎండలో పులివెందుల దాకా తొక్కి తంతి కొట్టాడు. ఆ తంతి నీళ్లు పోయాక నా చేతికొచ్చింది.

తంతి చదివి, రోజూ విన్నది రాసే లాగ్ పుస్తకం తీశాను. అందులో మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది. తడి తగిలితే ఊదారంగు ఇంకులా పడే ఇంకు పెన్సిలును నాలుకతో తడిపి రాశాను. "పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా విన్నాను. గాలి బాగుంది. ఎగువ నుంచి పిలుపు లేదు." దస్తూరి ఇంత చక్కగా ఎప్పుడూ రాయలేదు.

విచారణకు వచ్చిన అధికారి రెండు లాగులు పక్కపక్కన పెట్టుకున్నాడు. దస్తగిరి సూర్యుడి గురించి చెప్పాడు. బొమ్మలు చూపించాడు. అధికారి వాటిని తిరగేసి, "కిందటి నెల ఎర్రగుడ్డ గొడవ నీ వల్లేనా?" అన్నాడు. గది అంతా నవ్వింది. పక్క జిల్లాలో ఏ స్టేషన్ లాగ్ తెప్పించినా, మద్రాసుకు ఒక ఉత్తరం రాసినా నా బండారం బయటపడేది. ఆ నెలంతా నేను అన్నం మింగలేకపోయాను. ఎవరూ రాయలేదు. బ్యాటరీ ఎందుకు అయిపోయిందని మాత్రం నన్నడిగారు. "రోజూ పాటలు పెట్టుకుంటాడని విన్నాను సార్" అన్నాను. అతను పాటలు వినడు. ఆ ముక్క ఎవరూ అడగకపోయినా నేనే అతికించాను.

దస్తగిరిని తీసేశారు. వెళ్లిపోయే ముందు సైకిల్ మీద మా షెడ్డుకు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. కొట్టడానికి వచ్చాడనుకుని మూలనున్న కర్ర వైపు చూసుకున్నాను. అతను గుమ్మంలోనే కూర్చున్నాడు.

"అన్నా, ఒకటే అడుగుతా. ఎవురికీ చెప్పను. ఆ పొద్దు పన్నెండుకు నీకు గాలి బాగుండెనా?"

"లాగ్‌లో రాసినా గదరా."

"లాగ్ గాదన్నా. నీ చెవికి."

"బాగుండె."

"మద్రాసు పెట్టి చూస్తివా?"

"పెట్టినా. పాట వస్తాండె."

"ఏం పాట?"

"నాకేం తెలుసురా? అరవ పాట. ఆడమనిషి పాడతాండె."

ఆ ఆడమనిషి ఎక్కడి నుంచి వచ్చింది నా నోట్లోకి? ఇప్పటికీ తెలియదు. అబద్ధం చెప్పేవాడికి దేవుడు తెలివి ఎందుకిస్తాడో! ఆ ఒక్క మాటతో అతను నమ్మేశాడు. మొహంలో ఏదో దిగిపోయింది.

"అట్లయితే నాదే తప్పన్నా. నా మిషనే చెడింటాది. నేను సూర్యుని మీద పెట్టుకోని కూచుంటి. గాలి వస్తాది, వస్తాదని బ్యాటరీ అయ్యేదంక కొడతానే ఉండా. పన్నెండుకే సైకిలెక్కింటే ఆయప్ప బతికుండునేమో."

"ఏమోలే. పోయినోడు పోయినాడు" అన్నాను.

సంచిలోంచి బొమ్మల కట్ట తీశాడు. పై కాగితం ఆ రోజుది. నడుమ పెద్ద మచ్చ, పక్కన "చచ్చింది" అని రాసుంది. నా పెన్సిలు అడిగాడు. ఇచ్చాను. అదే పెన్సిలు. "చచ్చింది" కొట్టేసి, పైన "బాగుంది" అని రాశాడు. తప్పు లెక్క ఉండకూడదన్నాడు. కట్ట నా ముందు పెట్టి, "పొయ్యిలో ఎయ్యన్నా, అన్నీ తప్పులే" అని లేచాడు. సైకిల్ దాకా పోయి వెనక్కి వచ్చి, "నిన్ను గూడా శానా ఇబ్బంది పెడితి, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు.

అప్పుడు చెప్పొచ్చు. అతని వెనక పది అడుగులు వేస్తే చాలు. ఉద్యోగం పోతుందని చెప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా సగం అబద్ధమే. మద్రాసు పరీక్షలో మొదటివాడు నా ముందు తల వంచుకుని "నాదే తప్పు" అంటుంటే నాకు హాయిగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాశాను.

అతను ప్రొద్దుటూరు వెళ్లి తండ్రి కొలిమి పట్టాడు. నేను బదిలీల మీద తిరిగాను. బొమ్మలు కాల్చలేదు. ఎందుకు కాల్చలేదో అడగకండి. ప్రతి ఊరికీ ట్రంకు పెట్టె అడుగున మోసుకుపోయాను.

పన్నెండేళ్ల తర్వాత ఒక పని మీద జమ్మలమడుగు వెళ్లాను. ఓబులేసు ఇల్లున్న సందులోంచి నడవాల్సి వచ్చింది. గుమ్మం ముందు కొలిమి. తిత్తి ఊదుతూ దస్తగిరి. అప్పటికే జుట్టు నెరిసింది. వంచిన తల ఎత్తకుండా ఇత్తడి తపేలాకు కళాయి రుద్దుతున్నాడు. నేను వెనక్కి తగ్గి, అతను మూట కట్టుకుని వెళ్లిపోయేదాకా మూల మీద టీ కొట్టులో కూర్చున్నాను. తర్వాత నరసమ్మ దగ్గరికి వెళ్లాను. ఓబులేసు పెళ్లాం. నన్ను గుర్తుపట్టింది. మజ్జిగ ఇచ్చింది. ఆ సాయిబు ఎవరమ్మా అని అడిగాను, తెలియనట్టు.

"వాడే సామీ, మా ఇంటాయప్పను సంపినోడు. వానంతట వాడే వచ్చి చెప్పినాడు, నా వల్లే పోయినాడమ్మా అని. ఆ పొద్దు చెప్పుతో కొడితి. మళ్లీ ఏడు వచ్చినాడు. గిన్నెలకు ఊరికే కళాయి పూసి పోయినాడు. ఏడాదికొకపారి వస్తాడు. నేను మాట్లాడను. గిన్నెలు బయట పెడతా, అంతే."

నాకు ఇచ్చిన మజ్జిగ లోటా లోపల తెల్లగా మెరుస్తోంది. అప్పుడే పూసిన కళాయి. తాగేశాను. వాడు కాదమ్మా, నేను అనడానికి ఎంతసేపు పడుతుంది? తాగేసి, లోటా కింద పెట్టి, ఎర్రగుంట్ల బస్సెక్కాను.

తర్వాత ఊరంతా స్టీలు గిన్నెలు వచ్చాయి. కళాయి పని చేయించుకునేవాళ్లే లేరు. నరసమ్మ మాత్రం ఇత్తడి అమ్మలేదట. ఏడాదికొకసారి బయట పెడుతూనే ఉందట. అతన్ని శిక్షించడానికో, క్షమించడానికో నాకు తెలియదు. ఏదైనా అది నాకు రావాల్సింది. అతను ముప్పై ఏళ్లకు పైగా నా బదులు తీసుకున్నాడు. ఇందుకు కూడా నాకు అతని మీద కోపమే. ఒక్కసారి అనుమానించి ఉంటే ఏం పోయేది? మళ్లీ ఆ దుర్భిణి పెట్టి, ఒక్క నెల సరిచూసుకుని ఉంటే తన లెక్క తప్పు కాదని అతనికే తెలిసేది. నా మాట మీద సూర్యుణ్ని వదిలేశాడు. ఇక ఆకాశం వైపు చూడలేదని అతని తమ్ముడు చెప్పాడు, దస్తగిరి చావుకు పోయినప్పుడు. అవును, పోయాను. మట్టి వేశాను. నా చేతులు చూసి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచాను. కాగితాలు పసుపు పచ్చగా మారాయి, ఊదారంగు అక్షరాలు మాత్రం చెదరలేదు. నెలల కొద్దీ సూర్యుళ్లు. పక్కన అతని గుండ్రటి రాత. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఇరవై ఏడు లెక్కపెట్టి చూశాను, మళ్లీ ఇరవై ఏడు. ఎక్కడా తప్పు లేదు. ఒక్క చివరి కాగితంలో తప్పు.

ఇదంతా చదివి మీరు నన్ను క్షమించాలని చూడకండి. అది మీ పని కాదు. క్షమించదగ్గ ఇద్దరూ మట్టిలో ఉన్నారు. మూడో మనిషి నరసమ్మ. ఆమెకు చదువు రాదు. ఈ కాగితం పట్టుకుపోతే నేనే ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. ఈ ఏడు ఆమె గిన్నెలు బయట పెట్టి ఉంటుంది. ఎవరూ వచ్చి ఉండరు. వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాటల విలువ ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు.

ఒక్క పని మాత్రం చేశాను. ఇంకు పెన్సిలు కోసం ప్రొద్దుటూరు కొట్లన్నీ తిరిగితే ఒక ముసలాయన పాత డబ్బాలోంచి తీసి ఇచ్చాడు. ఆ చివరి కాగితం మీద "బాగుంది" కొట్టేశాను. పైన రాశాను: "చచ్చింది. పన్నెండుకు నేనూ విన్నాను. మద్రాసు కూడా లేదు. పాట లేదు. ఐదు నిమిషాలకే చెవి తీశాను. గుడ్డ ఎత్తలేదు. దస్తగిరి లెక్క సరి."

లాగ్‌లో ఏం రాసినా కింద సంతకం ఉండాలి. నాలుకతో పెన్సిలు తడిపి, మీకు చెప్పని ఆ పేరు అక్కడ పూర్తిగా రాశాను.